అరవై ఒకటో పేరు

చిక్కడపల్లి సందుల్లో విజయశ్రీని టీచరుగా ఎరిగిన ఇళ్లకంటే, ఏదో రాసుకుపోవడానికి వచ్చే ఆవిడగా ఎరిగిన ఇళ్లే ఎక్కువ. గేటు చప్పుడైతే చాలు, లోపలినుంచి "మళ్ల వచ్చింది" అని ఒక గొంతు, "ఈసారి దేనికంట?" అని ఇంకో గొంతు. దేనికని చెప్తుంది పాపం. రెండువేల పది వేసవిలో ఇళ్ల లెక్క. పదకొండు ఫిబ్రవరిలో మనుషుల లెక్క. పన్నెండులో కులాల లెక్క, బీదల లెక్క. మధ్యమధ్యలో ఓటర్ల జాబితా, పోలియో చుక్కలు, మరుగుదొడ్డి ఉందా లేదా, పొయ్యి గ్యాసుదా కట్టెలదా. పథకం ఢిల్లీలో పుట్టినా, అంతకంటే దూరాన పుట్టినా, ఇంటింటికీ తిరిగే కాళ్లు మాత్రం సర్కారు బడి టీచరువే. ఆ కాళ్లకు నలభై రెండేళ్లు నిండాయి, ఎడమ మడమలో పొద్దున్నే లేస్తే నొప్పి.

ఆమె పుట్టింది కవాడిగూడలో, మెట్టింది అశోక్‌నగర్‌లో. భర్త బాలకిషన్‌కు నారాయణగూడలో ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే దుకాణం. ఆమెకు ఉద్యోగం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఈ లెక్కలన్నీ రాయగా మిగిలిన రోజుల్లో, చిక్కడపల్లి వెనక సందులో మూడు గదుల సర్కారు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంటే బాలకిషన్ నవ్వేవాడు.

"ఊరందరి ఇండ్లల్ల మనుషులను లెక్కవెట్టి వస్తవు. మన ఇంట్ల ఎంతమందిమో యాది ఉన్నదా?"

"ముగ్గురం. నువ్వు, నేను, హర్ష. ఇగ ఏం అడగకు," అనేది కళ్లు మూసుకునే.

కొడుకు హర్ష ప్రైవేటు బడిలో చదివేవాడు. ఇది చెప్పకుండా దాటేస్తే కథకు తేలికే గానీ, దాటేయడం న్యాయం కాదు. ప్రతి జూన్‌లో బడిబాట అని గల్లీ గల్లీ తిరిగి "మీ పిల్లల్ని సర్కారు బడికి పంపండి" అని అడిగే విజయశ్రీని, "మరి మీ పిలగాడు యాడ చదువుతున్నడు టీచరమ్మా?" అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. ఆమె నవ్వి పక్క గుమ్మానికి పోయేది.

రెండువేల పది జూన్‌లో బడిబాటకు ముందు టీచర్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. గోడమీద ప్రపంచపటం వేసి చూపించి, ఎర్ర రంగు పూసినవి పేద దేశాలని, రెండువేల పదిహేనుకల్లా అక్కడి పిల్లలంతా బడిలో ఉండాలని ప్రపంచ దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయని ఒకాయన చెప్పాడు. మనదీ ఎర్ర రంగే. చదువు హక్కు చట్టం కూడా కొత్తగా వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల అంతదాకా బడి ముఖం చూడకపోయినా సరే, వయసును బట్టి మూడో తరగతిలో కూర్చోబెట్టాలి. ఎవరినీ ఫెయిల్ చేయకూడదు. మండలంలో బడి బయట పిల్ల ఒక్కతీ మిగలకూడదు. ఇదంతా విజయశ్రీకి మనస్ఫూర్తిగా మంచిదనిపించింది. ఆఖర్న టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చి, ఒక్కో టీచరు ఎంతమందిని చేర్పించాలో కాగితం మీద రాసి చేతిలో పెట్టారు.

ఆ బడికి పెద్ద కాశీవిశ్వనాథం. వాళ్ల నాన్న ఎప్పుడో తెనాలి నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మనిషి నిప్పు. మధ్యాహ్న భోజనం బియ్యంలో గుప్పెడు బయటికి పోనిచ్చేవాడు కాదు. ముప్పై ఎనిమిది మంది తింటే ముప్పై ఎనిమిదే రాసేవాడు. హాజరు పట్టీ దగ్గర మాత్రం ఆయన శాస్త్రం వేరు. రాని పిల్ల పేరు ఎదురుగా ఆబ్సెంటు వేయనిచ్చేవాడు కాదు. పెన్సిల్‌తో సన్నటి చుక్క పెట్టించేవాడు. నెలాఖరున ఎంత శాతం కావాలో చూసుకుని ఆ చుక్కలమీద సిరాతో హాజరు దిద్దించేవాడు. భోజనం లెక్క ఒక గుమాస్తా బల్లకు పోయేది, హాజరు లెక్క ఇంకో గుమాస్తా బల్లకు. ముప్పై ఎనిమిది మంది తిన్న బడిలో యాభై ఏడు మంది ఎలా కూర్చున్నారని ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు.

"ఇది దొంగతనం కాదమ్మా," అనేవాడాయన. "రిజిస్టర్లో అరవై ఒక్కరుంటే ముగ్గురు టీచర్లు. అరవైకి దిగితే ఇద్దరే. ఇద్దరితో ఐదు తరగతులు ఎలా నడుస్తాయి చెప్పండి? ఉన్న పిల్లల కోసమే లేని పిల్లల్ని రాస్తున్నాం."

ఆ మాటలో తప్పెక్కడుందో విజయశ్రీకి చాలా ఏళ్లు దొరకలేదు. వెతికే తీరిక కూడా లేదనుకోండి.

ఆ జూన్‌లోనే ఆమెకు కురుమమ్మ తగిలింది. అశోక్‌నగర్‌లో లేస్తున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గర ఇటుకలు మోస్తూ, సిమెంటు బస్తాల పక్కనే కాపురం. పాలమూరు దిక్కు మనిషి. కొడుకూ కోడలూ పుణెకు పనికి పోయి, ఎనిమిదేళ్ల మనవరాలు సువర్ణను ఆమె దగ్గర వదిలారు. విజయశ్రీ అడిగిందే తడవు కురుమమ్మ వేలిముద్ర వేసింది. చట్టం చెప్పినట్టే సువర్ణను మూడో తరగతిలో కూర్చోబెట్టారు. పలక తుడవడానికి బట్ట వాడకుండా మోచేత్తో తుడిచేది. "అ" రాయడం మూడు రోజుల్లో పట్టుకుంది. పంతొమ్మిది రోజులు వచ్చింది. అప్పటికి స్లాబులు అయిపోయి కూలీలను మేస్త్రి ఇంకెక్కడికో తోలుకుపోయాడు.

పిల్ల పోయింది గానీ పేరు పోలేదు. మూడో తరగతిలో చుక్కలు, చుక్కలమీద సిరా. మరుసటేడు నాలుగు. ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చి నలభై రెండు రోజులు బడులు మూతపడ్డాయి. విజయశ్రీ కూడా టెంటులో కూర్చుంది. తర్వాత పోయిన రోజులకు బదులుగా ఆదివారాలు బడి పెడితే, ఉన్న పిల్లలే సగం మంది ఎగ్గొట్టారు. సువర్ణ మాత్రం ఆదివారాలు కూడా హాజరే. రెండువేల పన్నెండు జూన్‌లో ఐదో తరగతికి వచ్చింది.

అదే ఏడు సెప్టెంబరు నడుమ, మధ్యాహ్నం గంట కొట్టే వేళకు కురుమమ్మ బడి గుమ్మంలో నిలబడింది. పక్కన పదేళ్ల సువర్ణ, పొడుగు సాగి, చింపిరి జుట్టుతో.

"టీచరమ్మ, నన్ను గుర్తువట్టినవా? మళ్ల అశోక్‌నగర్‌కే వచ్చిన. మొగదిక్కు లేకున్నా వాచ్‌మన్ కొలువు ఇచ్చిన్రు," అంది కురుమమ్మ. అక్కడే మెట్లమీద కూర్చుండిపోయింది. "అడిక్‌మెట్ల ఆడివిల్లలకు హాస్టలు వెట్టిన్రంట. బడి మొఖం జూడనోళ్లకు బువ్వ వెట్టి, అక్షరాలు నేర్పి, మళ్ల బడికి తోలుతరంట. పోరిని అండ్ల ఎయ్యి. మూడో అంతస్తు అమ్మ రోజూ అడుగుతున్నది, పోరిని ఇంట్ల పనికి పంపుమని. ఎన్ని దినాలు లేదన? ఆమె ఊ అంటెనే నా కొలువు ఉంటది. పోరి హాస్టల్ల ఉన్నదంటె ఇగ అడగదు."

విజయశ్రీ ఆ సాయంత్రమే వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని అడిక్‌మెట్ పోయింది. ఇలాంటి పనికి ఆమె మడమ నొప్పి అడ్డం వచ్చేది కాదు. సువర్ణ వరండాలో ఆడపిల్లలు తాడు ఆట ఆడుతుంటే చూస్తూ బయటే నిలబడిపోయింది. లోపల వార్డెను కంప్యూటరులో పేరు, తండ్రి పేరు కొట్టి చూసింది.

"ఈ పాప బడి బయట లేదు మేడం," అంది వార్డెను. "ఐదో తరగతి చదువుతున్నది. మీ బళ్లెనే. హాజరు తొంభై ఒక్క శాతం ఉన్నది."

విజయశ్రీ ఆ అంకె వైపు చూసింది. అది దిద్దిన చెయ్యి తనదే. వార్డెనుకు అర్థమైంది, ఆమె కూడా ఇరవయ్యేళ్లుగా ఈ కొలువులోనే ఉంది.

"మీ హెచ్చెమ్ సారు పేరు కొట్టేసి, మధ్యల బడి మానేసిందని రాసిస్తే రేపే చేర్చుకుంట. నాలుగు సీట్లున్నయి."

"ఏమన్నది?" అని బయటికొచ్చాక కురుమమ్మ అడిగింది.

"కాయితం ఒకటి కావాలంట. తెస్త," అంది విజయశ్రీ.

మర్నాడు కాశీవిశ్వనాథం రిజిస్టరు తెప్పించుకుని వేలు పెట్టి ఒక్కో పేరూ లెక్కపెట్టాడు. ఆగస్టులో ఇద్దరు పిల్లలు నిజంగానే టీసీ తీసుకుపోయారు. మిగిలింది సరిగ్గా అరవై ఒకటి.

"నెలాఖరు లెక్కమీద టీచర్ల సర్దుబాటు చేస్తారమ్మా," అన్నాడాయన కళ్లజోడు తీసి. "అరవై అయిందంటే చిన్న సీనియారిటీ మాధురిది. తీసుకెళ్లి ఊరి ఆ చివర పడేస్తారు. ఆ పిల్లకి ఎనిమిది నెలల బిడ్డ. పదిహేను రోజులు ఆగండి. ఒకటో తారీఖున నేనే నా చేత్తో కొట్టేస్తాను."

బడిలో మూడో టీచరు మాధురి పక్క గదిలోనే ఉంది. అన్నీ విన్నది. సాయంత్రం చెప్పులు వేసుకుంటూ "మీరెట్లంటె గట్లనే అక్కా," అంది. ముఖం చూసి అనలేదు.

విజయశ్రీ ఆగింది. ఇక్కడ ఆమెను వెనకేసుకొచ్చే మాటలు చాలానే దొరుకుతాయి, నేను వాటిని వెతకను. రిజిస్టరు ఆమె బీరువాలోనే ఉంది, ఎర్ర పెన్నూ అందులోనే ఉంది. గీత గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గీశాక పెద్దాయన సంతకం కోసం తగువు పడాలి, మాధురి కళ్లలోకి చూడాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలోని విజయశ్రీ అయితే పడేదేమో. ఇప్పుడామెకు ఓపిక లేదు. పదిహేను రోజులే కదా అనుకుంది. ఆలస్యం అమృతం విషం అని పిల్లలచేత కాపీ రాయించిన మనిషే అలా అనుకుంది.

నెలాఖరు ఆదివారం ట్యాంక్‌బండ్ దగ్గర తెలంగాణ మార్చ్. కవాడిగూడ దారుల్లో ముళ్లకంచెలు, పోలీసులు. సోమవారం ఊరు ఇంకా తేరుకోలేదు. మంగళవారం గాంధీ జయంతి. బుధవారం కాశీవిశ్వనాథం మాట తప్పకుండా ఉత్తరం రాసిచ్చాడు. "సీటు సంగతి కనుక్కుని రండి, రాగానే పేరు కొట్టేద్దాం" అన్నాడు. విజయశ్రీ కురుమమ్మను వెంటబెట్టుకుని మళ్లీ అడిక్‌మెట్ పోయింది.

"శనివారమే నింపేసినం మేడం," అంది వార్డెను, నిజంగానే బాధపడుతూ. "ఎన్ని సీట్లు నిండినయని మమ్మల్ని గూడ నెలాఖరు లెక్కనే అడుగుతరు. పాతబస్తీ నుంచి నలుగురిని తెచ్చి చూపించినం. వచ్చే జూన్‌ల తీస్కరాండ్రి."

దారిలో కురుమమ్మ తిడితే బాగుండునని విజయశ్రీకి అనిపించింది.

"జూన్ దాక ఆమె ఆగుతదా?" అంది కురుమమ్మ. "నీ తప్పేమున్నది టీచరమ్మ. నా పోరి కోసం రెండుసార్లు తిరిగినవు. మా ఊళ్ల గూడ ఎవలు తిరగలే."

ఆ వారంలోనే సువర్ణ మూడో అంతస్తులో పనికి కుదిరింది. సీటు లేనప్పుడు పేరు కొట్టడం దేనికని, అరవై ఒకటీ అలాగే ఉన్నాయి. ఏ ఉద్యోగం కోసమైతే ఆగారో ఆ ఉద్యోగం ఐదు నెలలు నిలిచింది. ఫిబ్రవరిలో మాధురి, భర్త పనిచేసే ఊరని వరంగల్‌కు బదిలీ చేయించుకుని పోయింది. ఆ ఖాళీలోకి ఎవరినీ వేయలేదు. ఐదు తరగతులూ ఇద్దరితోనే నడిచాయి. కాశీవిశ్వనాథం కూడా ఆ వేసవిలోనే శాలువా కప్పించుకుని ఇంటికి పోయాడు.

ఏప్రిల్‌లో సువర్ణ ఐదో తరగతి పాసయింది. చట్టం ప్రకారం ఎవరూ ఫెయిలవరు. జూన్‌లో కురుమమ్మ పిల్ల పుట్టినతేదీ కాగితం కోసం వస్తే, బడిలో ఉన్న కాగితం ఐదు పాసైనట్టు సర్టిఫికెట్ ఒక్కటే, దాన్నే ఇచ్చారు. దాన్ని పట్టుకుని విజయశ్రీ, కురుమమ్మ మూడోసారి అడిక్‌మెట్ పోయారు. ఐదు పాసైన పిల్లను అక్షరాలు నేర్పే చోట ఎలా చేర్చుకుంటామని, ఆరో తరగతికి పెద్దబడికి పంపమని చెప్పారు. పేరు రాయడం రాని పిల్లను ఆరో తరగతిలో కూర్చోబెడితే ఏమవుతుందో కురుమమ్మకే తెలుసు, చదువుకున్నవాళ్లు చెప్పనక్కర్లేదు.

విజయశ్రీ ఒక ఆదివారం కూర్చుని, ఆ మూడేళ్ల హాజరూ తప్పని పైవాళ్లకు అర్జీ రాసింది. బాలకిషన్ చదివి, "మూడేండ్ల రిజిస్టర్లు తెరుస్తరు. సార్ రిటైరైండు, మాధురి పోయింది. మిగిలింది నువ్వొక్కదానివి," అన్నాడు. ఆమె దాన్ని మడిచి చీరల కింద పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది.

రెండువేల పద్నాలుగులో తెలంగాణ వచ్చింది. టెంటులో కూర్చున్నవాళ్లంతా మిఠాయిలు పంచుకున్నారు, విజయశ్రీ కూడా పంచింది. ఆగస్టు పంతొమ్మిదిన కొత్త సర్కారు ఇంటింటి సర్వే పెట్టింది. ఒక్కరోజులో రాష్ట్రమంతా లెక్క తేలాలి, ఎవరూ గడప దాటకూడదు. దుకాణాలు మూసేశారు, బస్సులు ఆగిపోయాయి. రాసుకోవడానికి వచ్చిన ఆవిడ కోసం మొదటిసారి జనం గేటు దగ్గర నిలబడి ఎదురుచూశారు. విజయశ్రీకి పడినవి అశోక్‌నగర్‌లో ఇరవై ఎనిమిది ఇళ్లు. పదిహేడోది, కురుమమ్మ కాపలా ఉండే అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు.

తలుపు తీసింది సువర్ణ. పన్నెండేళ్లు వచ్చాయి. పెద్దవాళ్ల చుడీదారును కుట్లు వేసి బిగించి తొడుక్కుంది. టీచర్‌ను చూసి నవ్వింది.

ఇంటావిడ ఆదిలక్ష్మి, బ్యాంకులో రిటైరైన రామచంద్రరావు భార్య, ఫ్యాను వేసి కూర్చోబెట్టింది. "మేం ఇద్దరమేనండీ ఇంట్లో. ఆ పిల్ల మా మనిషి కాదు, కింద వాచ్‌మన్ మనవరాలు. వాళ్ల నాయనమ్మ నిన్ననే ఊరెళ్లింది, ఇద్దరి పేర్లూ అక్కడే రాయించుకుంటుందట. నాకు ఒంట్లో బాలేదని దీన్ని ఉంచేసుకున్నాను," అంది. ఆధార్ కార్డులు తెస్తానని లోపలి గదిలోకి పోయింది.

సువర్ణ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, గ్లాసు కోసం అక్కడే నిలబడింది.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగనే ఉన్న టీచర్." లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఒక మాట అడగాలె. నేను ఐదు పాసైన్నంట గద. కాయితం మా కాడ తడుస్తదని అమ్మగారి బీరువాలనే వెట్టినం. అమ్మగారు సరుకుల చీటీ ఇస్తది, నాకు చదవరాదు. ఐదు పాసై ఉప్పు పప్పు అని చదవరాదా, నువ్వొట్టి మొద్దువే అంటది. నవ్వుకుంటనే అంటది. నువ్వు మూడేండ్లు చెప్పినవంట, నాకు ఒక్కటి గూడ యాదికి లేదు. పలక యాదికున్నది, నువ్వు యాదికున్నవు. మిగిలిందంత మర్సిపోయిన. అన్ని మర్సిపోయే రోగం ఏమన్న ఉంటదా టీచర్?"

విజయశ్రీ గ్లాసు కింద పెట్టింది. ఒళ్లో ఫారం, చేతిలో పెన్ను అలాగే ఉన్నాయి.

"రోగం లేదు బిడ్డా. నువ్వు మర్సిపోలేదు," అంది. "నువ్వు బడికి వచ్చింది పంతొమ్మిది దినాలే. మూడేండ్లు వచ్చినవని నేను రాసిన. రాకున్నా రాసిన. నీకు ఎవ్వరు ఏం చెప్పలేదు."

పిల్ల ఆ మాటను తనలో తాను రెండుసార్లు తిప్పుకున్నట్టుంది. ఎందుకు రాశావని అడుగుతుందని విజయశ్రీ కాచుకుని కూర్చుంది. జవాబు కూడా వెతుక్కుంది. సువర్ణ అది అడగలేదు.

"అంటే నేర్పితే వస్తుండె," అంది.

"వస్తుండె."

సువర్ణ ముఖం విప్పారింది. ఆదిలక్ష్మి కార్డులతో గదిలోంచి రాగానే ఎదురుపోయి, "అమ్మగారూ, నేను మొద్దును కాదంట. టీచరే చెప్పింది," అంది సంతోషంగా, వంటింట్లోకి పోతూ.

ఆదిలక్ష్మి అర్థంకాక టీచర్ వైపు చూసింది. విజయశ్రీ తల వంచుకుని కార్డు అందుకుని నంబరు రాయబోయింది. అంకెలు సరిగ్గా కనబడక, కాసేపు ఆగి రాసింది.